గీజరు శుభ్రపరచిన పిదప వేడినీరు సన్నగిల్లుట ఏల?

వెలిమెల, పటాన్‌చెరు ప్రాంతాలలో బోరు నీటిని వాడే గృహాలలో ఒక వింత ఎదురవుతుంది. గీజరును శుభ్రపరచిన మరునాడే వేడినీటి ధార సన్నబడుతుంది. యంత్రం చెడినదని కొందరు క్రొత్తది కొనుటకు సిద్ధపడతారు. కారణం మన రసాయనశాస్త్ర పాఠంలోనే ఉన్నది.

ఇక్కడి గ్రానైటు శిలల పగుళ్లలో ఊరే నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. వేడి తగులగానే కాల్షియం బైకార్బొనేటు విచ్ఛిన్నమై, కార్బొనేటుగా మారి తొట్టి గోడలకు పెచ్చు కడుతుంది. శుభ్రపరచునప్పుడు ఊడిన పెచ్చులు కొన్ని నీటితో సాగి ఇరుకైన చోట చిక్కుకొంటాయి.

పరీక్ష సులభం. చన్నీరు కూడా సన్నగా వచ్చినచో దోషం గీజరుది కాదు; ట్యాంకును, ప్రధాన గొట్టమును చూడవలెను. ఒక్క కుళాయిలోనే వేడినీరు తగ్గినచో దాని మూతిలోని జల్లెడను విప్పి, నిమ్మరసంలో నానబెట్టి కడగవలెను. అన్నిటిలోనూ తగ్గినచో, గీజరుకు నీరందించు వాల్వు పూర్తిగా తెరచినదీ లేనిదీ చూడవలెను. తెరచియే ఉన్నచో విద్యుత్తును ఆపి, నీరు చల్లారిన పిదప, పని తెలిసిన వానిచేత గొట్టములను విప్పించవలెను.

ఒక్క హెచ్చరిక. బొట్లు కారుచున్నవని రక్షణ వాల్వును ఎన్నడూ మూయరాదు. అధిక పీడనం వెలువడు మార్గం అదియే. అది మూసుకొన్నచో తొట్టి ప్రేలి ప్రాణాపాయం కలుగవచ్చును.