అరచేతి తెరపై గెంతులాట: ఒక పాత వీడియో ఆట గుణదోషములు

ఒక వస్తువు మంచిదా, చెడ్డదా అని అడుగుట సులభము. దాని మంచి ఎక్కడనుండి వచ్చినది, లోపము ఎక్కడనుండి వచ్చినది అని విచారించుట కొంచెము కష్టము. శాస్త్రము నేర్చువారికి కావలసినది ఈ రెండవ ప్రశ్న. విద్యార్థులకు ఇష్టమైన వీడియో ఆటలలో ఒకదానిని తీసుకొని ఈ ప్రశ్న వేసి చూతము.

ఆ ఆట పేరు సూపర్ మారియో ల్యాండ్. నింటెండో సంస్థ దీనిని జపానులో 1989 ఏప్రిల్ 21న, గేమ్ బాయ్ అను చేతియంత్రముతో పాటు విడుదల చేసినది. నిర్మాత గున్‌పేయ్ యొకోయ్, దర్శకుడు సతోరు ఒకాడ. ఒక కోటి 80 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయినవి. మారియో అను చిన్న బొమ్మ కుడివైపునకు నడచుచు, గోతులు దాటుచు, దిమ్మెలపైకి గెంతుచు, శత్రువుల నెత్తిపై దుముకుచు పోవుటయే ఆట. 4 లోకములు, లోకమునకు 3 ఘట్టములు, మొత్తము 12 ఘట్టములు.

చిన్న తెర, మసక వెలుగు

అంతకుముందు, అనగా 1985లో, టెలివిజనుకు కలిపి ఆడు యంత్రముమీద సూపర్ మారియో బ్రదర్స్ వచ్చినది. ఆ యంత్రము వేయు బొమ్మలో అడ్డముగా 256, నిలువుగా 240 చుక్కలు, మొత్తము 61,440. గేమ్ బాయ్ తెరపై 160, 144 చొప్పున 23,040 చుక్కలు మాత్రమే. అనగా ఎనిమిదింట మూడు వంతులు. రంగులు లేవు, లేతనుండి ముదురువరకు నాలుగు ఛాయలు మాత్రమే కలవు. తెరకు స్వంత వెలుతురు లేదు. బయటి వెలుతురు తెరపై పడి తిరిగి వచ్చిననే బొమ్మ కనబడును.

ఇది లోపమే. కాని ఎందుకు అట్లు చేసిరో చూడవలెను. అదే 1989లో అటారి సంస్థవారి లింక్స్ అను చేతియంత్రము రంగుల తెరతో, వెనుక దీపముతో వచ్చినది. అది ఆరు బ్యాటరీలను నాలుగైదు గంటలలో తినివేయును. గేమ్ బాయ్ నాలుగు బ్యాటరీలతో పది గంటలకు పైగా పనిచేయును. చేతిలో పట్టుకొని ఎక్కడికైనను తీసికొనిపోవలసిన యంత్రమునకు ఏది ముఖ్యమో యొకోయ్ ముందే నిర్ణయించుకొనెను. బాగా నలిగిన, చవుకైన సాంకేతికమును కొత్త పనికి వాడవలెనని ఆయన సిద్ధాంతము.

64 కిలోబైట్లలో ఒక ప్రపంచము

ఆట మొత్తము 64 కిలోబైట్లలో, అనగా 65,536 బైట్లలో ఇమిడియున్నది. నాలుగు ఛాయలలో ఒకదానిని సూచించుటకు ఒక్కొక్క చుక్కకు 2 బిట్లు కావలెను. తెరమీది 23,040 చుక్కలకు 46,080 బిట్లు. 8చే భాగింపగా 5,760 బైట్లు. ఈ లెక్కన 64 కిలోబైట్లలో పదకొండు తెరచిత్రములకు మించి పట్టవు. మరి 12 ఘట్టములు ఎట్లు పట్టినవి?

పూర్వపు అచ్చుకూటములో కంపోజిటరు చేయు పనిని జ్ఞాపకము చేసికొనుడు. అతడు ప్రతి పుటకు కొత్త అచ్చు పోయడు. పెట్టెలోని సీసపు అక్షరములనే మార్చి మార్చి పేర్చును. గేమ్ బాయ్ పద్ధతియు అదియే. 8 చుక్కల పొడవు, 8 చుక్కల వెడల్పు గల చిన్న బిళ్లలు ముందుగా తయారై యుండును. ఒక్కొక్కటి 16 బైట్లు. తెరపై అడ్డముగా 20, నిలువుగా 18, మొత్తము 360 బిళ్లలు పట్టును. ఏ గడిలో ఏ బిళ్ల అని చెప్పుటకు గడికి ఒక్క బైటు చాలును. కనుక 5,760 బైట్ల పని 360 బైట్లతో జరుగును. బిళ్లల ఖర్చు ఒక్కసారియే. పేర్పులు ఎన్నియైనను చేయవచ్చును.

యంత్రము లోపల నేపథ్య పటము 32 గడుల వెడల్పు కలది. తెరకు కనబడునవి 20. మారియో నడచునప్పుడు పటమంతయు తిరిగి గీయనక్కరలేదు. ఎక్కడనుండి చూపవలెనో తెలుపు ఒక సంఖ్యను మార్చి, కనబడని వైపున కొత్త బిళ్లల వరుసను చేర్చిన చాలును.

తెల్లని ఆకాశమునకు కారణము

ఈ ఆటలో నేపథ్యము చాలవరకు బోసిగా నుండును. చూచువారికి అది పేదరికముగా తోచును. కాని ఆ తెరలోని ద్రవస్ఫటికము మందకొడిది. యంత్రము సెకనుకు దాదాపు 60 చిత్రములను పంపును; స్ఫటికము ఆ వేగమును అందుకొనలేదు. పాత చుక్క చెరిగిపోవకముందే కొత్త చుక్క వచ్చి పడును. నేపథ్యము నిండుగా నుండి కదలినచో తెరంతయు అలుకుకొని పోవును. బోసి నేపథ్యముపై నల్లని శత్రువు స్పష్టముగా తెలియును. ఇక్కడ లేమి గుణమైనది.

బొమ్మలు చిన్నవిగా నుండుటకును కారణము కలదు. మారియో తెర నడుమ నుండి సెకనుకు 60 చుక్కల వేగముతో పోవుచున్నాడనుకొందము. అతని ముందు 80 చుక్కల దూరము కనబడును. కనబడిన గోతిని చేరుటకు సెకనున్నర కూడ పట్టదు. 256 చుక్కల తెరయైనచో రెండు సెకనులకు పైగా వ్యవధి దొరకును. బొమ్మ పెద్దదైన కొలది దానికి తగిన గోతులు, గెంతులు పెద్దవగును, ముందుచూపు తగ్గును. 1992లో వచ్చిన రెండవ భాగములో బొమ్మలను పెద్దవి చేసిరి. అందము పెరిగినది, కాని తెర ఇరుకైనది.

ఏ లోపము ఎవరిది?

ఇప్పుడు లోపములను రెండు కుప్పలుగా వేయవచ్చును. రంగు లేకపోవుట, చీకటిలో కనబడకపోవుట, కదలిక అలుకుకొనుట యంత్రపు లోపములు. ఒక అడ్డవరుసలో పదింటికి మించి కదలు బొమ్మతునకలను ఈ యంత్రము చూపలేదు. ఇదియు దాని హద్దే. వీటికి ఆట కర్తలను నిందింపరాదు.

ఆట మరీ చిన్నదన్న ఫిర్యాదు మాత్రము వేరు. ఆరితేరినవాడు దీనిని గంటలోపుననే ముగించును. స్మృతి చాలక ఇట్లయినదని తోచవచ్చును. కాని 1985 నాటి ఆట 40 కిలోబైట్లలోనే 32 ఘట్టములను ఇముడ్చుకొన్నది. కావున నేరమంతయు స్మృతిపై మోపుట కుదరదు. పాత ఆటలో కొన్ని ఘట్టములు స్వల్ప మార్పులతో మరల వచ్చును. కొత్త ఆటలో ఈజిప్టు పిరమిడ్లు, ఈస్టరు ద్వీపపు రాతిముఖములు వంటి వేరువేరు దృశ్యములు కలవు. రెండు ఘట్టములలో మారియో జలాంతర్గామిని, విమానమును నడుపును. కర్తలు నిడివికంటె వైవిధ్యమును కోరుకొనిరి. ఇది ఎంపిక, మెచ్చుట, మెచ్చకపోవుట మన వంతు.

ఆడిన మేర దాచుకొను వీలు లేకపోవుట మరియొక లోపము. విద్యుత్తు ఆపగానే యంత్రపు తాత్కాలిక స్మృతి చెరిగిపోవును. మరల మొదటినుండి ఆడవలెను. రెండవ భాగపు డబ్బీలో చిన్న బ్యాటరీ అమర్చి ఈ కొరత తీర్చిరి. అయితే ఆ బ్యాటరీ ఏండ్లు గడచిన కొలది నీరసించును. దానితో దాచినదియు పోవును. మొదటి ఆట డబ్బీలో నీరసించుటకు బ్యాటరీయే లేదు.

తరగతిలో చేయదగిన పని

ఉపాధ్యాయులు గళ్ల కాగితముపై 20 గడుల పొడవు, 18 గడుల ఎత్తు గల దీర్ఘచతురస్రమును గీయించి, అందులో నేల, గోడ, మెట్లు, గోతులతో ఒక దృశ్యమును విద్యార్థులచే వేయించవచ్చును. పిదప వేరువేరు బిళ్లలెన్నో లెక్కించి, 16చే గుణించి, 360 కలిపించవలెను. పన్నెండు రకముల బిళ్లలు వాడినవానికి 552 బైట్లు వచ్చును. దానిని 5,760తో పోల్చినచో ఎంత ఆదా అయినదో తెలియును. తరువాత బిళ్లలను పది రకములకు తగ్గించి, అదే దృశ్యమును మరల వేయుమనవలెను. ఏది వదలవలెను, ఏది ఉంచవలెను అని ఆ పిల్లలు పడు తర్జనభర్జనయే 1989లో ఆ ఆట కర్తలును పడియుందురు.