గుడ్డ బ్యాగు పట్టీలు ఎందుకు కట్టేయాలి?

చెక్-ఇన్ కౌంటర్లో ఇచ్చిన బ్యాగు నేరుగా విమానం ఎక్కదు. కన్వేయర్ బెల్టుల మీద మలుపులు తిరిగి, ఎక్స్‌రే యంత్రం దాటి, ట్రాలీ బండెక్కి అప్పుడు చేరుతుంది. ఈ దారిలో ఎక్కువ ఇబ్బంది తెచ్చేది వేలాడే పట్టీ. రెండు బెల్టులు కలిసే సందులో దాని కొస ఇరుక్కున్నా మోటారు లాగుతూనే ఉంటుంది. కుట్లు పటపటా తెగుతాయి, ఒక్కోసారి బెల్టే ఆగిపోతుంది. అందుకే భుజం పట్టీని విప్పి లోపల పెట్టేయండి. ఊడని పట్టీలైతే బిగించి కట్టండి. పాత ట్యాగులు పీకేయండి. స్కానర్ వాటి బార్‌కోడ్ చదివితే బ్యాగు దారి తప్పొచ్చు.

గుడ్డ బ్యాగుకు గట్టి గోడలుండవు, పైనున్న పెట్టెల బరువంతా లోపలి వస్తువుల మీదే పడుతుంది. అమ్మమ్మ ఇచ్చిన ఆవకాయ డబ్బాను కవర్లో చుట్టి, బట్టల నడిమధ్యన పెట్టండి.

పవర్ బ్యాంకు మాత్రం చేతి బ్యాగులోనే ఉండాలి. దాని లిథియం బ్యాటరీ అంటుకుంటే, క్యాబిన్‌లోనైతే సిబ్బంది వెంటనే ఆర్పగలరు.