అలైన్‌మెంట్ చేయించినా కారు ఎందుకు లాగుతుంది?

రోడ్డు తిన్నగానే ఉంటుంది, స్టీరింగ్ కాస్త వంకరగా పట్టుకుంటే తప్ప కారు తిన్నగా పోదు. లేదంటే కొత్తగా వేయించిన ముందు టైరు బయటికి బాగానే కనిపిస్తుంది, లోపలి అంచు మాత్రం గుండైపోయి ఉంటుంది. షాపుకు తీసుకెళ్తే వినిపించే మొదటి మాట ‘అలైన్‌మెంట్ పోయింది సార్’. నిజమే కావచ్చు. కానీ పోయింది అలైన్‌మెంటేనా, అయితే ఎందుకు పోయింది అన్నది తేల్చకుండా చేయిస్తే, నెల తిరక్కుండా మళ్లీ అదే షాపు ముందు నిలబడాల్సి వస్తుంది.

అసలు ఏం సరిచేస్తారు?

చక్రానికి ఏదో చేస్తారని చాలామంది అనుకుంటారు. చక్రాన్ని పట్టి ఉంచే స్టీరింగ్, సస్పెన్షన్ కోణాలను కొలిచి, కంపెనీ చెప్పిన హద్దుల్లోకి తేవడమే అలైన్‌మెంట్. కోణాల్లో ముఖ్యమైనవి మూడు.

కారును పైనుంచి చూస్తున్నామనుకోండి. ముందు చక్రాలు రెండూ ముందువైపు దగ్గరగా, వెనకవైపు ఎడంగా ఉంటే టో-ఇన్. అటుదిటైతే టో-అవుట్. కారుకు ఎదురుగా నిలబడి చూసినప్పుడు చక్రం పైభాగం లోపలికి వాలి ఉంటే నెగెటివ్ క్యాంబర్, బయటికి వాలితే పాజిటివ్. మూడోది క్యాస్టర్. స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం ఏ ఇరుసు మీద తిరుగుతుందో ఆ ఇరుసు పైకొస వెనక్కి ఎంత వాలిందన్నదే ఇది. సైకిల్ ముందు ఫోర్కు అలా వాలి ఉండటం గమనించే ఉంటారు. మలుపు తిరిగాక చేయి వదులు చేస్తే స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రావడంలో ఆ వాలుదే పెద్ద పాత్ర.

స్విఫ్ట్, ఐ20 లాంటి కార్లలో ముందు మాక్‌ఫర్సన్ స్ట్రట్, వెనక టార్షన్ బీమ్ అనే సస్పెన్షన్ రకాలు ఉంటాయి. ఈ తరహా కార్లలో పానా పెట్టి మామూలుగా మార్చేది ముందు చక్రాల టో ఒక్కటే. క్యాంబరో క్యాస్టరో హద్దు దాటిందంటే ఏదో వంగింది, అరిగింది, లేదా బోల్టు దగ్గర జరిగింది. అప్పుడు సరిచేయాల్సింది, లేదా మార్చాల్సింది ఆ భాగాన్ని.

ఒకటి రెండు మిల్లీమీటర్లకు అంత నష్టమా?

లెక్క వేసి చూద్దాం. టైరు వ్యాసం సుమారు 600 మిల్లీమీటర్లు అనుకోండి. టో మొత్తం 2 మిల్లీమీటర్లు తప్పితే ఒక్కో చక్రం వాటాకు 1 మిల్లీమీటరు. అంటే 600కు 1 చొప్పున చక్రం పక్కకు చూస్తోంది. కిలోమీటరు దూరానికి అది దాదాపు 1.7 మీటర్లు. పదివేల కిలోమీటర్లు తిరిగేసరికి సుమారు 17 కిలోమీటర్ల మేర ఆ టైరును తారు రోడ్డు మీద పక్కకు ఈడ్చినట్టే. డ్రైవరుకు ఏమీ తెలియదు. రెండు చక్రాలూ సమానంగా లోపలికి చూస్తుంటే ఒకదాని తోపుడు రెండోదాని తోపుడుకు సరిపోతుంది కాబట్టి కారు తిన్నగానే పోతుంది. అందుకే ‘నా కారు లాగట్లేదు, అలైన్‌మెంట్ బాగానే ఉంది’ అనుకోవడానికి లేదు.

టైరును చూసి చెప్పొచ్చా?

చాలావరకు చెప్పొచ్చు. నీడలో, ఇంజన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, టైరు మీద అరచేయి అడ్డంగా నెమ్మదిగా జరపండి. తీగ బయటపడిన టైరు, గాజుముక్కలు గుచ్చుకున్న టైరు మాత్రం ముట్టుకోకండి. బయటి అంచు నుంచి లోపలికి జరిపితే నున్నగా, లోపలి నుంచి బయటికి జరిపితే రంపపు పళ్లలా తగిలితే టో-ఇన్ ఎక్కువైనట్టు. దీనికి రివర్సుగా ఉంటే టో-అవుట్. కంటికి కనబడక ముందే ఈ గరుకు చేతికి దొరుకుతుంది.

గరుకు లేకుండా ఒక్క అంచే నున్నగా అరిగితే క్యాంబర్‌ను అనుమానించాలి. రెండు అంచులూ అరిగి మధ్య బాగుంటే గాలి తక్కువ పెట్టి తిప్పారు. మధ్యలోనే అరిగితే గాలి ఎక్కువ. అక్కడక్కడా గుంటలు పడితే షాక్ అబ్జార్బర్లనీ బ్యాలెన్సింగ్‌నీ చూపించాలి.

వణికినా, లాగినా అలైన్‌మెంటేనా?

ఇక్కడే ఎక్కువమంది తప్పుదారి పడతారు. 80, 100 వేగంలో స్టీరింగ్ వణుకుతోందంటే ముందుగా చూడాల్సింది వీల్ బ్యాలెన్సింగ్. చక్రం చుట్టూ బరువు సమంగా లేకపోతే వచ్చే వణుకు అది. రిమ్ములో సొట్ట పడ్డా ఇలాగే ఉంటుంది. టో ఎంత సరిచేసినా అది పోదు.

కారు ఒకవైపు లాగుతుంటే మొదట చల్లగా ఉన్నప్పుడు నాలుగు టైర్ల గాలి చూడండి. తర్వాత ముందు టైర్లు రెండూ అటూ ఇటూ మార్చి నడపండి. తిరిగే దిశ బాణంతో ముద్రించిన టైర్లయితే ఇలా మార్చకూడదు. లాగుడు రెండో వైపుకు మారిందా, తప్పు టైరుది. మారలేదా, బ్రేక్ పట్టేస్తోందేమో చూడాలి. కాసేపు నడిపి ఆపాక ఒక చక్రం దగ్గర మాత్రమే వేడి సెగ కొట్టడం దానికి గుర్తు. ఇవేవీ కాకపోతే అప్పుడు కోణాల సంగతి. కుడి ఎడమల మధ్య తేడా ఉంటే కారు క్యాంబర్ ఎక్కువ పాజిటివ్‌గా ఉన్న వైపుకు, క్యాస్టర్ తక్కువ ఉన్న వైపుకు లాగుతుంది. ఇంకో మాట, వాననీరు పోవడానికి రోడ్డును మధ్యలో ఎత్తుగా వేస్తారు. మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి కారు కాస్త ఎడమకు జారడం సహజం.

కారు తిన్నగా పోతూ స్టీరింగ్ మాత్రం వంకరగా నిలిస్తే, స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే టై రాడ్లు రెండు పక్కలా సమంగా బిగించలేదని అర్థం, లేదా వెనక చక్రాలు ఓ పక్కకు చూస్తున్నాయి.

షాపులో పని ఎలా జరగాలి?

సరిగ్గా చేసేవాళ్లు కంప్యూటరు దగ్గరికి పోకముందే గాలి సరిచూస్తారు. తర్వాత జాకీ మీద లేపి చక్రాన్ని కదిపి, టై రాడ్ ఎండ్, బాల్ జాయింట్, లోయర్ ఆర్మ్ బుష్‌లలో లూజు ఉందేమో చూస్తారు. లూజు ఉంచుకుని టో పెడితే షాపు గేటు దాటగానే అది మారిపోతుంది. చేయించినా లాగడానికి ఇదీ ఒక కారణం.

తర్వాత ముందు చక్రాలను తిరిగే పళ్లేల మీదికి ఎక్కించి, నాలుగు రిమ్ములకూ క్లాంపులు, వాటికి కెమెరా పసిగట్టే పలకలు తగిలిస్తారు. కారును కాస్త ముందుకూ వెనక్కూ జరపడం క్లాంపు, రిమ్ముల వంకర లెక్కలోంచి తీసేయడానికి. స్టీరింగ్‌ను అటూ ఇటూ తిప్పించేది క్యాస్టర్ కొలవడానికి. మొదట వెనక చక్రాలు చూసి, ఆ తర్వాతే ముందువి. స్టీరింగ్ తిన్నగా ఉండేలా బిగించి, టై రాడ్ లాక్ నట్ వదులు చేసి రాడ్ తిప్పుతారు. స్టీరింగ్ ర్యాక్ యాక్సిల్‌కు వెనక ఉన్న కార్లలో రాడ్ పొడుగైతే టో-ఇన్ పెరుగుతుంది, ముందుంటే తగ్గుతుంది. చివర్లో నట్ బిగించాక స్క్రీన్ మీద అంకె కదిలిందేమో మళ్లీ చూడాలి. స్టెబిలిటీ కంట్రోల్ ఉన్న కార్లు కొన్నింటిలో స్టీరింగ్ సెన్సర్‌ను కూడా రీసెట్ చేయాల్సి ఉంటుంది.

షీటు ఎలా చదవాలి?

ముందు, తర్వాత అని రెండు వరసల అంకెలున్న ప్రింటు అడిగి తీసుకోండి. దాని మీద మీ కారు మోడలే ఉందో లేదో మొదట చూడండి. వేరే మోడల్ ఎంచుకుంటే, అంకె హద్దుల్లో ఉందని చెప్పే పచ్చరంగు వచ్చినా అర్థం లేదు. టో పక్కన 0°12′ అని ఉంటే అది 12 నిమిషాలు, డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి 0.2 డిగ్రీ. 600 మిల్లీమీటర్ల టైరుకు అది సుమారు 2 మిల్లీమీటర్లు, అదీ ఒక్క చక్రానికే. దాన్ని 0.12 డిగ్రీగా చదివితే తేడా ఐదింట రెండు వంతులు చిన్నదిగా కనిపిస్తుంది. టో అంతా పచ్చగా ఉండి ఒక పక్క క్యాంబర్ ఎర్రగా ఉంటే పని పూర్తి కాలేదు, రోగం బయటపడిందంతే.

మెషిన్ లేకుండా చూసుకోవచ్చా?

టో ఒక్కటీ చూసుకోవచ్చు. చదునైన నేల మీద, వెనక చక్రాలకు అడ్డుపెట్టి, ముందు చక్రాన్ని జాకీతో లేపి తిప్పుతూ సుద్దముక్క కదలకుండా ఆనిస్తే టైరు చుట్టూ గీత పడుతుంది. రెండో చక్రానికీ అలాగే. కిందికి దించి, అడ్డు తీసి, సస్పెన్షన్ కుదురుకునేలా కారును కొన్ని మీటర్లు తిన్నగా ముందుకు తోసి ఆపండి. టైర్ల ముందుభాగంలో, ఇరుసు ఎత్తులో రెండు గీతల మధ్య దూరం టేపుతో కొలిచి అక్కడ గుర్తు పెట్టండి. ఆ గుర్తులు వెనక్కి వచ్చేదాకా చక్రాన్ని సగం చుట్టు ముందుకు పోనిచ్చి మళ్లీ కొలవండి. ముందు దూరం తక్కువైతే టో-ఇన్. కారు కింద దూరేటప్పుడు ఒక్క జాకీని నమ్మి దూరకూడదు, స్టాండ్ ఉండాల్సిందే. ఈ కొలతతో అనుమానం తీరుతుంది. బిగింపు మాత్రం మెషిన్ ఉన్న చోట చేయించడమే మేలు.

ఎప్పుడు చేయించాలి?

మాన్యువల్‌లో రాసిన గడువు ఎలాగూ ఉంది. దానికోసం ఆగకుండా కొత్త టైర్లు వేసినప్పుడు, టై రాడ్ ఎండ్, లోయర్ ఆర్మ్, స్ట్రట్ లాంటివి విప్పి బిగించినప్పుడు, గుంతలో చక్రం గట్టిగా పడి స్టీరింగ్ తీరు మారినప్పుడు చూపించండి. ఇంటికి తెచ్చుకున్న షీటును కారు కాగితాలతో పాటు దాచండి. మరుసటిసారి అదే అంకె మళ్లీ అదే వైపు జరిగి ఉంటే ఇంకో అలైన్‌మెంట్ వద్దని, ముందు ఆ పక్క బుష్‌లూ జాయింట్లూ విప్పి చూడమని మీరే మెకానిక్‌కు చెప్పొచ్చు.