విప్పటమంటే ఏమిటి?

పిల్లలూ! మొన్న మా మనుమడు దారం కట్టిన పొట్లం తెచ్చి, "తాతయ్యా, ఇది ఓపెన్ చెయ్యి" అన్నాడు. నేను కళ్లజోడు పెట్టుకునే లోపల తానే కత్తెరతో కసుక్కున కత్తిరించాడు. దాన్ని విప్పటమంటారా? అనరు, తెంపటమంటారు. విప్పిన దారంతో మళ్లీ కట్టుకోవచ్చు. తెంపిన దారం రెండు ముక్కలు.

"కట్టు" అనే మాటకు ఎదురు మాట "విప్పు". చాలామంది "ఇప్పు" అని పలుకుతారు గాని, రాసేటప్పుడు "విప్పు" అనే రాయండి. మూట విప్పుతాము, జడ విప్పుతాము, చెప్పులు విప్పి గుడిలోకి పోతాము. ఊరు చేరగానే బండి విప్పుతారు. అంటే చక్రాలు ఊడదీస్తారని కాదు సుమా! ఎద్దులను కాడి నుంచి తప్పిస్తారని. "అరకలు విప్పే వేళయింది" అంటే పల్లెటూళ్లలో గడియారంతో పనిలేకుండానే పొద్దు తెలిసేది. తలుపును, తాళాన్ని మాత్రం విప్పము, తీస్తాము. ముడి దానంతట అదే వదిలిపోతే "ఊడింది" అంటాము. మనం పూనుకుని చేస్తేనే విప్పటం.

ముడి లేని చోట కూడా ఈ మాట వస్తుంది. గొడుగు విప్పుతాము, పొడుపు కథ విప్పుతాము. నెమలి పురి విప్పుతుంది. తాచుపాము మెడలోని పొడవాటి పక్కటెముకలను చాచగానే, వాటి మీది చర్మం వెడల్పవుతుంది. అదే పడగ విప్పటం.

ఇక నోరు విప్పటం సంగతి. నేను బడిలో పనిచేసే రోజుల్లో ఒక కుర్రవాడు ఏమడిగినా పలికేవాడు కాడు. "నోరు విప్పవేంరా?" అని రోజూ గద్దించేవాణ్ణి. ఒకనాటి సాయంత్రం వాళ్ల దొడ్డి పక్కగా పోతుంటే, గుంజ చుట్టూ తిరిగి తిరిగి పలుపు బిగుసుకుపోయిన దూడ ఒకటి కనబడింది. పాపమని ముడి కొస పట్టుకుని లాగాను. అది మరింత బిగిసింది. దూడ గుడ్లు తేలవేసింది.

వాడు ఎక్కడ నుంచో పరుగెత్తుకు వచ్చాడు. "లాగకండి మాస్టారూ! ముందు దూడను గుంజ దగ్గరకు తోలాలి. తాడు వదులవుతుంది. అప్పుడు తాడును ముడిలోకి వెనక్కు తోస్తే అదే వస్తుంది" అంటూ చకచకా విప్పేశాడు.

వాడు నాతో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదటిసారి.

మరునాడు తరగతిలో వాణ్ణి పాఠం అడగలేదు. దూడ ఎట్లా ఉన్నదని అడిగాను.