ఎలక్ట్రిక్ మినీ ట్రక్ కొంటున్నారా? రేటు కంటే ముందు ఈ లెక్కలు చూసుకోండి!

డీజిల్ ఖర్చు తగ్గుతుందని ఎలక్ట్రిక్ ట్రాలీ కొనాలనుకుంటున్నారా? అయితే షోరూమ్‌కి వెళ్లే ముందే మూడు విషయాలు తేల్చుకోండి. లేదంటే ఈఎంఐ కట్టడానికే తిప్పలు పడాల్సి వస్తుంది.

బరువు ఎంత?: 2025 జూన్‌లో రూ.6.50 లక్షల ఎక్స్ షోరూమ్ ధరతో వచ్చిన టాటా ఏస్ ప్రో ఈవీ 750 కిలోలు మోస్తుంది. అంటే 15 సిమెంట్ బస్తాలు. కిరాణా, పార్శిళ్లకు ఇది చాలు. రోజూ సిమెంట్, టైల్స్ వేసేవాళ్లు మాత్రం టన్ను మోసే ఏస్ ఈవీ 1000 చూడటం మంచిది. చిన్న బండిలో ఓవర్‌లోడ్ వేస్తే ఛార్జింగ్ త్వరగా దిగిపోతుంది, ఫైన్ అదనం.

దూరం ఎంత?: ఒక్క ఛార్జింగ్‌తో ప్రో ఈవీ 155 కి.మీ., ఏస్ ఈవీ 1000 161 కి.మీ. వెళ్తాయని కంపెనీ చెబుతోంది. ఫుల్ లోడ్‌తో రోడ్డెక్కితే అంత రాదు. అందుకే రానూపోనూ 100 కి.మీ. దాటితే దారిలో ఛార్జింగ్ ఎక్కడుందో ముందే చూసుకోవాలి.

ఛార్జింగ్ ఎక్కడ?: రాత్రి బండి పెట్టే చోటే ప్లగ్ పాయింట్ ఉండాలి. లేకపోతే స్టేషన్‌లో వెయిటింగ్‌కే ఒక ట్రిప్పు పోతుంది.

తెలంగాణలో 2026 డిసెంబర్ 31 వరకు ఎలక్ట్రిక్ సరుకు బండ్లకూ రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఉంది.

మొత్తానికి రోజూ ఒకే రూటు, తక్కువ దూరం, ఇంటి దగ్గరే ఛార్జింగ్.. ఈ మూడూ ఉంటే ఎలక్ట్రిక్ బండి లాభమే. ఎక్కడ గిరాకీ తగిలితే అక్కడికి, జిల్లాలు దాటి వెళ్లేవాళ్లు మాత్రం తొందరపడొద్దు.