రాతినేల చిన్నపింజరి

కూకట్‌పల్లి నేడు అంతస్తులపై అంతస్తులు లేచిన నగరభాగం. ఈ కాలనీలు వెలయక పూర్వం అక్కడ గండశిలలు, తుమ్మపొదలు, గరపనేలలు ఉండేవి. అటువంటి ఎండునేలయే చిన్నపింజరికి ఇష్టమైన నివాసం. నగరం చుట్టూ మిగిలిన రాతిగుట్టలు దానికి నేటికీ అనువైనవే.

అమెరికా ఎడారులలో తోకను గలగలలాడించే గిలకపామును గురించి మన విద్యార్థులు చదువుకొంటారు. దాని బంధువు మన రాళ్లసందులలోనే ఉన్నదని ఎరుగరు. రెండూ పింజరి కుటుంబానికి చెందినవే. చిన్నపింజరికి గిలక లేదు. దాని ఒంటి ప్రక్కల ఏటవాలుగా అమరిన పొలుసులకు రంపపుపళ్ల వంటి గరుకు అంచులున్నవి. బెదరినపుడు అది చుట్టలు చుట్టుకొని, ఆ చుట్టలను ఒకదానితో ఒకటి రాస్తుంది. కాగిన పెనముపై నీళ్లు చిలకరించినట్లు చుయ్‌మని ధ్వని పుడుతుంది. బుసకొడితే ఊపిరితోపాటు ఒంటి తేమ కూడ పోతుందనీ, ఎండునేల ప్రాణి ఆ విధంగా నీటిని పొదుపు చేసుకొంటున్నదనీ కొందరు శాస్త్రజ్ఞుల ఊహ.

దీని పొడవు సాధారణంగా 30 మొదలు 60 సెంటీమీటర్లు. నెత్తిపై పక్షిపాదం వంటి తెల్లని గుర్తు ఉంటుంది. పగలు రాళ్లక్రింద దాగి, రాత్రివేళ తేళ్లను, జెర్రులను, బల్లులను, చిట్టెలుకలను వేటాడుతుంది. మన దేశంలో ఇది గుడ్లు పెట్టక పిల్లలనే కంటుంది. వదులు ఇసుకపై ప్రక్కవాటుగా జారుతూ పోతుంది. అమెరికా ఎడారి గిలకపాములలో ఒక జాతి నడకా ఇదే.

18వ శతాబ్ది చివర విశాఖపట్నంలో నివసించిన పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు కోరమండల్ తీరపు పాములను పరిశీలించి 1796లో గ్రంథం ప్రకటించినాడు. జనం వాడే తెలుగు పేర్లనే అందులో వ్రాసుకొన్నాడు. రక్తపింజరికి ఆయన విన్న పేరు కాటుకరేకుల పొడ. ఎంత చక్కని పేరు! ఆంగ్లంలో ఆ పాము నేడు రస్సెల్ పేరనే చలామణి అవుతున్నది. మన పేరు మనమే మరచినాము.

చిన్నపింజరి కాటును ‘పిల్లపాము కదా’ అని ఉపేక్షించటమే ప్రమాదం. దాని విషం రక్తానికి గడ్డకట్టే శక్తిని హరిస్తుంది. చిగుళ్లనుండి రక్తస్రావం గంటల తరువాత గాని కనిపించకపోవచ్చును. గాయాన్ని కోయటం, నోటితో పీల్చటం, బిగించి కట్టటం హానికరములు. కరచిన కాలినో చేతినో కదల్చక, వెంటనే ఆస్పత్రికి చేర్చవలెను. అక్కడ రోగి రక్తాన్ని గాజుగొట్టంలో 20 నిమిషాలు కదపక ఉంచుతారు. గడ్డకట్టకుంటే విషం ఎక్కినట్లే. నాగుపాముకు, కట్లపాముకు, రక్తపింజరికి, దీనికి కలిపి వాడే విరుగుడు మందు ఒక్కటే. అందుచేత కరచిన పామును వెదకి చంపి వెంట తీసుకొనిపోవలసిన పని లేదు.