సోరియాసిస్‌లో సెరటోనిన్ పాత్ర.. మనసు కలతకు చర్మంతో లంకె

మోచేతులు, మోకాళ్లు, తలపై ఎర్రటి మచ్చలు. వాటిపై వెండి రంగులో రాలే పొలుసులు. దీన్ని అంటువ్యాధిగా భావించి రోగి పక్కన కూర్చునేందుకే జంకేవారు పల్లెల్లో నేటికీ ఉన్నారు. నిజానికి సోరియాసిస్ అంటుకునే జబ్బు కాదు. రోగనిరోధక వ్యవస్థ గాడి తప్పడం వల్ల తలెత్తే దీర్ఘకాలిక వ్యాధి. నలుగురూ దూరం పెట్టడంతో రోగి కుంగిపోతాడు. ఆ కుంగుబాటుతో జబ్బు మరింత ముదురుతుంది. ఈ విషవలయంలో సెరటోనిన్ అనే రసాయనం పాత్రపై పరిశోధకులు దృష్టి సారించారు.

పేగుల్లో పుట్టి.. చర్మం దాకా

సెరటోనిన్‌ను 1948లో అమెరికా శాస్త్రవేత్తలు రక్తం నుంచి వేరుచేశారు. మెదడులో ఇది మానసిక స్థితి, నిద్ర, ఆకలిపై ప్రభావం చూపుతుంది. అయితే శరీరంలోని సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం తయారయ్యేది పేగుల్లోనే. రక్తంలోని ప్లేట్‌లెట్లు దీన్ని నిల్వ చేసుకుంటాయి. చర్మకణాలు, రోగనిరోధక కణాలపైనా దీన్ని గుర్తించే గ్రాహకాలు ఉన్నాయి.

చర్మపు పైపొర కణాలు పుట్టి రాలిపోయేందుకు సాధారణంగా నెల రోజులు పడుతుంది. సోరియాసిస్‌లో కొద్ది రోజుల్లోనే ఆ తంతు ముగిసి, కణాలు పొలుసులుగా పేరుకుంటాయి. మచ్చలున్న చర్మాన్ని పరీక్షించగా సెరటోనిన్ గ్రాహకాల తీరు ఆరోగ్యకరమైన చర్మానికి భిన్నంగా ఉన్నట్లు తేలింది. సెరటోనిన్‌పై పనిచేసే కుంగుబాటు మందులు వాడిన సోరియాసిస్ రోగులకు తీవ్రస్థాయి చికిత్స అవసరం తక్కువగా ఉన్నట్లు 2013లో వెలువడిన స్వీడన్ అధ్యయనం పేర్కొంది. అంతమాత్రాన అవి సోరియాసిస్‌కు మందులని రుజువైనట్లు కాదు.

సొంత వైద్యం వద్దు

మానసిక రుగ్మతలకు ఇచ్చే లిథియం, రక్తపోటుకు వాడే బీటా బ్లాకర్లు కొందరిలో సోరియాసిస్‌ను పెంచుతాయి. అలాగని వాటిని సొంతంగా మానేయడం ప్రమాదకరం. వాడుతున్న ప్రతి మందునూ చర్మవైద్యునికి తెలపాలి. స్టెరాయిడ్ మాత్రలను హఠాత్తుగా ఆపినా వ్యాధి ఒక్కసారిగా విజృంభించవచ్చు. దిగులు, నిద్రలేమి వేధిస్తుంటే దాచకుండా చెప్పాలి.

సోరియాసిస్ రోగులు ఎదుర్కొంటున్న వివక్షను ప్రపంచ ఆరోగ్య సభ 2014లో తన తీర్మానంలో ప్రస్తావించింది. చికిత్స వైద్యుని చేతిలో ఉన్నా, రోగి మనసు కుంగకుండా చూసే బాధ్యత మాత్రం ఇంటివారిది, ఇరుగుపొరుగుది.